బడి తర్వాతి మూడు గంటలు: మేము పిల్లలకు కాపలా మాత్రమే కాస్తున్నామా?

సాయంత్రపు_గంట
నాలుగేళ్లుగా బడి వదిలాక నడిచే పిల్లల కేంద్రంలో పనిచేస్తున్నాను. వేసవిలో అదే కేంద్రం తరఫున ఆరు వారాల శిబిరం నడుపుతాను. నా బృందంలో పదకొండు నుంచి పదహారేళ్ల వాళ్లుంటారు. పిల్లలతో నాకు ఏ ఇబ్బందీ లేదు. బాధంతా పెద్దవాళ్లతోనే.

వచ్చే నెల నుంచి మూడు గంటల్లో రెండు గంటలు హోంవర్కుకూ పాఠ్యపుస్తకాలకూ కేటాయించాలని నిన్న పైనుంచి మాట వచ్చింది. మిగిలిన గంటలోనే చిరుతిండి, ఆటలు. రెండేళ్లుగా నేను నడుపుతున్న సైకిల్ బాగుచేత తరగతి ఎత్తేయాలట. ‘నిధులిచ్చేవాళ్లకు మార్కులు చూపించాలి, పంక్చర్లు కాదు’ అన్నారు. ఇంటికి వెళ్తే అక్కడ ఇంకో ప్రశ్న: ‘ఇది సరే, అసలు ఉద్యోగం ఎప్పుడు చూసుకుంటావు?’

ఆ తరగతిలో పధ్నాలుగేళ్ల పిల్లవాడొకడున్నాడు. మొదటి మూడు నెలల్లో నాతో పది మాటలు కూడా మాట్లాడి ఉండడు. మొన్న ఒక చిన్న పిల్ల గాలి ఎక్కడ పోతోందో తెలియక ట్యూబు పట్టుకుని వచ్చింది. వాడు ట్యూబులో గాలి నింపి, బకెట్ నీళ్లలో కొంచెం కొంచెంగా తిప్పుతూ ముంచాడు. బుడగలు లేచిన చోట ఆ పిల్ల వేలు పెట్టించి ‘తీయకు’ అన్నాడు. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాశాడు. ‘ఇప్పుడే అంటించకూడదు, తడి ఆరి జిగట రావాలి, వంద లెక్కపెట్టు’ అన్నాడు. ఆ పిల్ల ఆత్రంకొద్దీ అరవై నుంచి ఎనభైకి దూకితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టించాడు. అరిచాడా అంటే లేదు, విసుక్కోనూ లేదు.

ఇది చదువు కాదని నేనెలా ఒప్పుకోను? పైవాళ్లకు ఏమని చెప్పాలి?

ఇద్దరు_పిల్లల_తల్లి
మీ బాధ అర్థమైంది, కానీ మా వైపు నుంచి కూడా చూడండి. నేను పని ముగించుకుని ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఇంటి పనులన్నీ అయ్యాక పన్నెండేళ్లవాడి చేత భిన్నాలు చేయించే ఓపిక నాకుండదు, చేసే ఓపిక వాడికీ ఉండదు. ఇద్దరం ఒకరి మీద ఒకరం కేకలు వేసుకుని పడుకుంటాం. హోంవర్కు కేంద్రంలోనే అయిపోయిన రోజున మా ఇల్లు ఇల్లులా ఉంటుంది. దయచేసి దాన్ని తక్కువ చేయకండి.

లెక్కల_పంతులమ్మ
నేను బడిలో లెక్కలు చెబుతాను. పై ఇద్దరి మాటా నిజమే. కాకపోతే రెండు గంటలు మాత్రం చాలా ఎక్కువ. పగలంతా కూర్చుని వచ్చిన పిల్లల్ని తలుపు దాటగానే మళ్లీ కూర్చోబెడితే పెన్సిలు కదులుతుంది కానీ బుర్ర కదలదు. మర్నాడు ఆ నోటుపుస్తకాలు దిద్దేది నేనే కాబట్టి చెబుతున్నాను. ఒకరిది చూసి పదిమంది రాసిన తప్పు ఇట్టే తెలిసిపోతుంది. ముందు ఏదైనా తినిపించి, కాసేపు పరుగెత్తనిచ్చి, ఆ తర్వాత ముప్పావుగంట కూర్చోబెడితే చాలు.

గోరింకపిట్ట
తినిపించడం ముందు అన్నారు చూడండి, దానికి నాది వంద ఓట్లు. మా కేంద్రంలో గొడవల్లో సగం ఆకలి గొడవలే. చిరుతిండి సమయాన్ని పావుగంట ముందుకు జరిపాం, అంతే, తన్నుకోవడం తగ్గిపోయింది.

పాత_రిజిస్టరు
ఈ పనిలో నాకు పంతొమ్మిదేళ్లు నిండాయి. ఇప్పుడు సమన్వయకర్తను. సాయంత్రపు_గంట గారూ, మీకు వచ్చిన ఆదేశమే తొమ్మిదేళ్ల కిందట మా కేంద్రానికీ వచ్చింది. నేను ఎదురు మాట్లాడకుండా అమలు చేశాను. దాని గురించి ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఏమైందో చెబుతాను. చిన్నపిల్లలు ఏడ్చారు, పేచీ పెట్టారు. పెద్దపిల్లలు ఏ గొడవా చేయలేదు, రావడం మానేశారు. రెండో నెల చివర హాజరు పట్టీ తిరగేస్తే పద్నాలుగేళ్లు దాటినవాళ్ల వరసల్లో అన్నీ ఖాళీ గళ్లే. మార్కులు పెరగాలన్నా ముందు పిల్ల తలుపు దాటి లోపలికి రావాలి కదా! బడికి రాకపోతే అడిగేవాళ్లుంటారు. మా దగ్గరికి రాకపోతే అడిగేవాళ్లెవరు? పిల్లలు తమంతట తాముగా వచ్చే చోటు మనది. మన బలమూ అదే, బలహీనతా అదే.

కాబట్టి పైవాళ్ల దగ్గరికి బాధతో వెళ్లకండి, హాజరు పట్టీతో వెళ్లండి. సైకిల్ తరగతి ఉన్న రోజుల్లో ఎంతమంది వచ్చారు, లేని రోజుల్లో ఎంతమంది, ఎవరు ఎన్ని నెలలు వరసగా వచ్చారు? ఈ మూడు లెక్కలు ఒక్క కాగితం మీద రాసుకోండి.

ఇంకో మాట. 2010లో జోసెఫ్ డర్లాక్, రోజర్ వైస్‌బర్గ్, మోలీ పచాన్ కలిసి బడి తర్వాతి కార్యక్రమాల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలెన్నో కుప్పపోసి పరిశీలించారు. పిల్లల వ్యక్తిత్వాన్నీ నలుగురితో మెలిగే నేర్పునూ పెంచాలని చూసిన కార్యక్రమాలు అవి. నాలుగు లక్షణాలున్న చోట పిల్లల ఆత్మవిశ్వాసం, ప్రవర్తన, చివరికి మార్కులు కూడా మెరుగుపడ్డాయని తేలింది. నేర్పేది మెట్టు మీద మెట్టుగా ఉండాలి. పిల్లలు చేతులారా చేయాలి. దానికంటూ విడిగా సమయం కేటాయించాలి. ఏం నేర్పుతున్నామో ముందే స్పష్టంగా అనుకోవాలి. మీ పంక్చర్ కథలో మొదటి మూడూ నాకు కనిపిస్తున్నాయి. నాలుగోది ఎక్కడైనా రాసిపెట్టారా?

సాయంత్రపు_గంట
@పాత_రిజిస్టరు లేదు. అంతా నా తలలోనే ఉంది.

పాత_రిజిస్టరు
అయితే ఈ రాత్రే కాగితం మీద పెట్టండి. తలలో ఉన్నదాన్ని ఎత్తేయడం ఎవరికైనా తేలిక.

రెండు_ఉద్యోగాలు
అందరూ మంచి మాటలే చెబుతున్నారు. నాకొక్క సందేహం. ఈ కాగితాలు రాయడానికి, పట్టీలు లెక్కపెట్టడానికి జీతం ఎవరిస్తారు? పిల్లలు ఉన్న మూడు గంటలకే మాకు లెక్కగట్టి ఇస్తారు. ముందు గంట ఏర్పాట్లు, తర్వాత గంట శుభ్రం చేయడం, తల్లిదండ్రుల ఫోన్లు, ఇవన్నీ ఉచితమే. పొద్దున ఇంకో ఉద్యోగం చేసి ఇక్కడికి వస్తాను. అయిదేళ్లలో నా పక్కన పనిచేసినవాళ్లు పదకొండుమంది మారారు. పిల్లలు కొత్తవాళ్ల పేర్లు నేర్చుకోవడం మానేశారు. మొన్న ఒకమ్మాయి కొత్తగా వచ్చినాయన్ని ‘మీరెన్నాళ్లుంటారు?’ అని అడిగింది. పేరు అడగలేదు.

‘అసలు ఉద్యోగం ఎప్పుడు’ అనే ప్రశ్న ఇంట్లోవాళ్ల తప్పు కాదు. దీన్ని అసలు ఉద్యోగంలా చూడనిది దీన్ని నడిపేవాళ్లే.

గోరింకపిట్ట
ఆ అమ్మాయి ప్రశ్న చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

పాత_రిజిస్టరు
@రెండు_ఉద్యోగాలు మీ మాట కొట్టిపారేయలేను. సమన్వయకర్తనయ్యాక నేను పట్టుబట్టి సాధించింది ఒక్కటే: ఏర్పాట్లకు రోజుకు నలభై అయిదు నిమిషాల జీతం. దానికే రెండేళ్లు పట్టింది. అది వచ్చిన తర్వాతి ఏడాది ఒక్కరే మానేశారు. పిల్లల మీద ప్రేమ ఉంటే చాలని చెప్పేవాళ్లను నమ్మకండి. ప్రేమ ఉన్నవాళ్లు నిలవాలంటేనే జీతం కావాలి.

మెట్లదారి
ఒక విషయం ఎవరూ అడగలేదు. సైకిల్ తరగతి ఎత్తేస్తున్నారని పిల్లలకు తెలుసా? వాళ్లను ఎవరైనా అడిగారా?

రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం రాసిన చిన్న పుస్తకంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. అడుగున ఉన్న మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కావంటాడు: పెద్దల అవసరానికి పిల్లల్ని వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రం పిలవడం. మన వార్షికోత్సవాల్లో పిల్లలు ఏ మెట్టు మీద ఉంటారో ఎవరికి వారు గుర్తు చేసుకోండి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణ కూడా ఇదే చెబుతుంది. తనకు సంబంధించిన విషయాల్లో తన అభిప్రాయం చెప్పుకునే హక్కు బిడ్డకు ఉంది. అదే ఒప్పందం 31వ అధికరణలో విశ్రాంతి, ఆట కూడా హక్కులే.

ఇద్దరు_పిల్లల_తల్లి
@మెట్లదారి పిల్లల్ని అడిగితే హోంవర్కు అసలే వద్దంటారు. అప్పుడు మా గతి?

మెట్లదారి
అడగడమంటే వాళ్లు చెప్పిందల్లా చేయడం కాదు. మా దగ్గర అడిగాం. ‘హోంవర్కు వద్దు’ అని ముగ్గురే అన్నారు. మిగతావాళ్లు ‘ముందు అరగంట ఆడనివ్వండి’, ‘గట్టిగా చదవకుండా ఉండే గది ఒకటి కావాలి’, ‘తెలియనిది అడిగితే తిట్టనివాళ్లు కావాలి’ అన్నారు. మూడోది విన్నాక మా పద్ధతే మార్చుకున్నాం.

కొత్తగా_చేరాను
అడ్డు వస్తున్నందుకు క్షమించండి. పోయిన వారమే చేరాను, ఇరవై ఏళ్లు నాకు. నిన్న ఒకమ్మాయి ‘ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే ఒక విషయం చెబుతాను’ అంది. ఏమనాలో తెలియక ‘తర్వాత మాట్లాడదాం’ అన్నాను. తప్పు చేశానా?

తాళంచెవి
@కొత్తగా_చేరాను ఒట్టు వేయలేదు కాబట్టి పెద్ద తప్పేమీ జరగలేదు. కానీ ‘తర్వాత’ అన్నారు కదా, ఆ తర్వాత ఈ రోజే కావాలి. మీరే ఆమె దగ్గరికి వెళ్లండి. ‘నువ్వు చెప్పేది జాగ్రత్తగా వింటాను. ఎవరైనా నిన్ను బాధపెడుతుంటే మాత్రం నీకు సాయం చేయగలిగినవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. అలాంటిదేమీ కాకపోతే నలుగురిలో చెప్పను’ అనండి. నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వాలి. పిల్లలకు హాని జరుగుతోందన్న అనుమానం కలిగితే తెలియజేయాలని చాలా దేశాల్లో చట్టమే చెబుతుంది. మీ కేంద్రంలో ఎవరికి చెప్పాలో ఈ రోజే కనుక్కోండి. ఆమె చెబుతున్నప్పుడు మధ్యలో ప్రశ్నలు గుచ్చి గుచ్చి అడగకండి. విన్నది విన్నట్టు, ఆమె మాటల్లోనే, తేదీ వేసి రాసుకోండి. మాట్లాడేటప్పుడు మీరిద్దరూ ఇతరులకు కనబడే చోట ఉండాలి, వినబడే చోట కాదు.

ఒకటి నా అనుభవం. ఒక పిల్లను తీసుకెళ్లడానికి ఒకాయన వచ్చాడు. ‘మేనమామను’ అన్నాడు. పిల్ల కూడా నవ్వుతూ పరుగెత్తింది. అనుమతి పట్టీలో ఆయన పేరు లేదు. నేను పంపలేదు. ఆయన కేకలు వేశాడు, అందరూ చూశారు, పిల్ల ఏడ్చింది. తల్లికి ఫోను చేసేసరికి ఆమె గొంతు వణికింది. ఆమె కోర్టులో తేల్చుకుంటున్న గొడవలో అవతలి పక్షం మనిషి ఆయన. ఆ రోజు నుంచి పట్టీలో పేరు లేకపోతే దేవుడొచ్చినా పంపను.

కొత్తగా_చేరాను
ధన్యవాదాలు అండీ. ఇప్పుడే బయల్దేరుతున్నాను.

వేసవి_టోపీ
పట్టీల మాట వచ్చింది కాబట్టి వేసవి శిబిరాల వాళ్లకు నాదొక మనవి. తలలు లెక్కపెట్టేటప్పుడు సంఖ్య చూసి ఊరుకోకండి, పేర్లు పిలవండి. రెండేళ్ల కిందట ఒక యాత్రలో బస్సెక్కేటప్పుడు ఇరవై నాలుగు, దిగేటప్పుడు ఇరవై నాలుగు. లెక్క సరిపోయింది. పేర్లు పిలిస్తే మా పిల్లాడొకడు లేడు, వేరే బృందం పిల్లాడొకడు మాతో ఉన్నాడు. ఇద్దరివీ ఒకే రంగు టోపీలు. మా వాడు ఆ బృందంతో క్షేమంగా ఉన్నాడు కానీ, ఆ పన్నెండు నిమిషాలు నేను చచ్చి బతికాను. నీళ్ల దగ్గరికి తీసుకెళ్తే ఇద్దరిద్దరిని జత కట్టండి, ఈల వేయగానే జత చేయి పట్టుకుని నిలబడాలి. ఆయాసం మందు ఎవరి సంచిలో ఉందో బయల్దేరకముందే చూసుకోండి, బస్సెక్కాక కాదు.

అంకెల_బుట్ట
మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తాను. పైవాళ్లు వేసవిలో కూడా పాఠాలే అంటే ఒక ఆధారం చూపిస్తారు: హారిస్ కూపర్ బృందం 1996లో చెప్పింది. వేసవి సెలవుల్లో పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనకబడతారని, లెక్కల్లో ఆ నష్టం ఎక్కువని. కానీ అది తిరుగులేనిది కాదు. పాత పరీక్షలు కొలిచిన తీరు వల్లే ఆ తేడాలు పెద్దవిగా కనిపించి ఉండవచ్చని పాల్ వాన్ హిపెల్ వంటివారు తర్వాత ప్రశ్నించారు.

ఇక రాండ్ అనే పరిశోధన సంస్థ అమెరికాలోని అయిదు నగరాల్లో వేసవి కార్యక్రమాలను పరిశీలించింది. అక్కడ లెక్కల్లో మేలు ఎక్కువగా కనిపించింది ఇరవై రోజులు, అంతకు మించి హాజరైన పిల్లల్లో. ఆ కార్యక్రమాల్లో సగం రోజు చదువు, మిగతా సగం కళలు, ఆటలు వంటివి. అంటే ముందు పిల్ల లోపలికి రావాలన్న పాత_రిజిస్టరు గారి మాటకే వచ్చాం.

లెక్కల_పంతులమ్మ
@అంకెల_బుట్ట అయితే చదువు పనికిరాదని కాదు కదా? సగం రోజు చదువు ఉంది అక్కడ.

అంకెల_బుట్ట
కాదు. బాగా చెప్పిన పాఠం, ఎక్కువ రోజులు వచ్చిన పిల్ల, రెండూ కలిస్తేనే మేలు. ‘హోంవర్కు పర్యవేక్షణ’ అని రాసి కుర్చీలో కూర్చోవడాన్ని పాఠం అనలేం.

మెట్లదారి
రీడ్ లార్సన్ 2000లో రాసిన వ్యాసం ఒకటి ఇక్కడ బాగా అతుకుతుంది. కౌమార వయసు పిల్లలకు పేజర్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా ఏం చేస్తున్నారో, ఎలా ఉందో రాయించిన పరిశోధనల ఆధారంగా రాశాడు. తరగతి గదిలో ఏకాగ్రత ఎక్కువ, ఇష్టం తక్కువ. స్నేహితులతో ఉన్నప్పుడు ఇష్టం ఎక్కువ, ఏకాగ్రత తక్కువ. రెండూ కలిసి ఉండేది క్రీడలు, కళలు, సంఘాల వంటి వాళ్లు కోరి ఎంచుకున్న పద్ధతైన పనుల్లో. సాయంత్రపు_గంట గారి బకెట్ దగ్గర కుర్రాడు వంద లెక్కపెట్టించాడే, అదే.

ఇద్దరు_పిల్లల_తల్లి
రెండు రోజులుగా ఇదంతా చదువుతున్నాను. నిన్న రాత్రి మా వాణ్ణి అడిగాను, ‘కేంద్రంలో నీకు ఏది ఇష్టం?’ అని. నాటకం అన్నాడు. వాడు నాటకంలో ఉన్నాడని నాకు తెలియదు. ఏడాదిగా హోంవర్కు అయిందా అనే అడుగుతున్నాను, ఇంకేమీ అడగలేదు. దీపం పట్టుకుని గుహలోకి వెళ్లే ముసలాడి వేషమట. నడుం వంచి నడిచి చూపించాడు.

హోంవర్కు ముప్పావుగంట మాత్రం ఉంచండి. దాని మీద నా మాట మారదు.

రెండు_ఉద్యోగాలు
@ఇద్దరు_పిల్లల_తల్లి ఈ మాట మీరు వెళ్లి మీ కేంద్రంలో చెప్పండి. మేము వందసార్లు చెప్పినదానికంటే ఒక తల్లి ఒక్కసారి చెప్పింది పైదాకా పోతుంది.

సాయంత్రపు_గంట
ఈ రోజు సమావేశం అయింది.

ముందు పిల్లలతో మాట్లాడాను. తరగతి ఎత్తేయవచ్చని చెప్పగానే ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి ఆ పధ్నాలుగేళ్లవాడు సంచిలోంచి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. రెండేళ్లుగా వాడు చేతులు పెట్టిన ప్రతి సైకిలూ అందులో ఉంది. తేదీ, ఏం చెడింది, ఏం చేశాడు, ఎంతసేపు పట్టింది. అరవై మూడు సైకిళ్లు. మొదటి పేజీల్లో ‘గొలుసు ఊడింది’ అని రెండు పదాలు. చివరి పేజీల్లో వెనక చక్రం ఎందుకు వంకరపోయిందో బొమ్మ గీసి, ఏ పుల్ల బిగించాలో బాణం గుర్తు వేసి రాశాడు. ఆ పుస్తకం ఉందని నాకే తెలియదు.

సమావేశానికి వస్తావా అంటే రానన్నాడు. పుస్తకం మాత్రం ఇచ్చాడు, ‘మళ్లీ తెచ్చివ్వాలి’ అని రెండుసార్లు చెప్పి. హాజరు లెక్కల కాగితం, ఈ పుస్తకం, రెండూ పెట్టాను. హోంవర్కు ముప్పావుగంటకు తగ్గింది. సైకిల్ తరగతి మూడు నెలలు ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ చూస్తారట. ఏర్పాట్ల సమయానికి జీతం అడిగితే తల ఊపారు, కాగితం మీద ఇంకా రాలేదు. రెండు_ఉద్యోగాలు గారూ, అది వదలను.

ఇక సాయం కావాల్సింది ఇక్కడ. పిల్లలందరి చేతా అలాంటి పుస్తకం రాయించమన్నారు. అందరికీ సరిపడే నమూనా ఎవరి దగ్గరైనా ఉందా?

పాత_రిజిస్టరు
నా దగ్గర ఉంది, రేపు పంపుతాను. నాలుగు గళ్లు మించనివ్వకండి. బొమ్మ గీసుకోవడానికి సగం పేజీ ఖాళీ వదలండి. ఆ అబ్బాయి పుస్తకం మాత్రం వాడి పద్ధతిలోనే ఉండనివ్వండి, నమూనాలోకి మార్చమనకండి.

సాయంత్రపు_గంట
సాయంత్రమే తిరిగి ఇచ్చేశాను. పేజీలన్నీ ఉన్నాయో లేవో తిప్పి చూసుకున్నాడు.